106 ఏళ్ల భూమి దావా

నమీబియా అనగానే మనకు 2022 సెప్టెంబరులో విమానం దిగి కూనో అడవికి చేరిన ఎనిమిది చీతాలు గుర్తొస్తాయి. ఆ చీతాలు వచ్చిన నేల కోసం ఒక జాతిని దాదాపు తుడిచిపెట్టారు. మూడు తరాల మనుషులు ఆ నేల తమదేనని అర్జీలు పెట్టారు, కోర్టుకెక్కారు, సమ్మె కట్టారు, చివరికి తుపాకీ పట్టారు. 1990 మార్చి 21న దేశం చేతికొచ్చింది. భూమి మాత్రం ఇంకా రావాల్సి ఉంది.

ఇరవై మైళ్లు. 1883 ఆగస్టులో బెథానీ అనే చిన్న ఊళ్లో రాసుకున్న ఒక క్రయపత్రంలోని కొలత అది. అమ్మినవాడు నామా తెగ నాయకుడు జోసెఫ్ ఫ్రెడరిక్స్. కొన్నవాడు జర్మనీలోని బ్రెమెన్‌కు చెందిన పొగాకు వ్యాపారి అడాల్ఫ్ లూడెరిట్జ్. ఆరెంజ్ నది సముద్రంలో కలిసేచోటి నుంచి ఉత్తరంగా, తీరం నుంచి లోపలికి ఇరవై మైళ్ల వెడల్పున భూమి. ధర 500 పౌండ్లు, 60 తుపాకులు. ఫ్రెడరిక్స్‌కు తెలిసిన మైలు ఇంగ్లీషువాళ్ల మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. పత్రంలో ఉన్నది జర్మన్ల ‘భౌగోళిక మైలు’. అది దాదాపు ఏడున్నర కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున 32 కిలోమీటర్ల ఇసుక అమ్మాననుకున్న మనిషి, తనకు తెలియకుండానే దాదాపు 150 కిలోమీటర్ల లోతు భూమి రాసిచ్చేశాడు. అతని ప్రజల పచ్చిక బయళ్లు, నీటి చెలమలు చాలావరకు ఆ కొలతలోకి వెళ్లిపోయాయి.

లూడెరిట్జ్ ఆ పత్రాలు చూపించి జర్మన్ ప్రభుత్వం అండ కోరాడు. 1884 ఏప్రిల్ 24న ఛాన్సలర్ బిస్మార్క్ ఆ భూమి ఇకపై జర్మన్ సామ్రాజ్య రక్షణలో ఉంటుందని టెలిగ్రాం కొట్టించాడు. ఏడు నెలలు తిరక్కుండానే యూరప్ దేశాలు ఆఫ్రికాను వాటాలేసుకోవడానికి బెర్లిన్‌లో సమావేశమయ్యాయి. ‘జర్మన్ నైరుతి ఆఫ్రికా’ అనే పేరు పటాల్లోకి ఎక్కింది. ఆ పటంలో ఈనాటికీ ఒక వింత కనిపిస్తుంది. ఈశాన్య మూల నుంచి దాదాపు 450 కిలోమీటర్ల సన్నని నేలపట్టీ జాంబెజీ నది దాకా సాగి ఉంటుంది. 1890లో బ్రిటన్‌తో మార్పిడి బేరంలో జర్మనీ సంపాదించిన ముక్క అది. నాటి జర్మన్ ఛాన్సలర్ పేరు మీదే దాన్ని కాప్రివి పట్టీ అన్నారు. అక్కడ ఉంటున్నవాళ్లను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే ఎంతో, నమీబియా దానికి మూడు రెట్లు. జనాభా మాత్రం 2023 లెక్కల ప్రకారం సుమారు 30 లక్షలు. పడమట అట్లాంటిక్ ఒడ్డంతా నమీబ్ ఎడారి, తూర్పున కలహారి. రెంటికీ నడుమ ఉన్న మెట్ట ప్రాంతంలో గడ్డి మొలుస్తుంది, పశువులు బతుకుతాయి. పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ 1486లోనే ఈ తీరానికి వచ్చి రాతి శిలువ నిలబెట్టి వెళ్లినా, తర్వాత నాలుగు వందల ఏళ్లు యూరప్ దీని జోలికి పెద్దగా రాలేదు. ఆ ఎడారే కోటగోడగా నిలిచింది. గోడ దాటాక లోపల ఉన్న మెట్ట కోసమే ఈ కథంతా.

అప్పు చీటీ, పశువుల మంద

నడిమి మెట్ట హెరెరోలది. వాళ్లకు పశువే ఆస్తి, పశువే పరువు, పితృదేవతలతో బంధం కూడా పశువుల ద్వారానే. దక్షిణాన నామాలు. వాళ్ల నాయకుల్లో హెండ్రిక్ విట్‌బోయ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. చదువుకున్నవాడు, భక్తుడు, యుద్ధవీరుడు. తాను రాసిన ఉత్తరాలకు, వచ్చిన ఉత్తరాలకు పుస్తకాల్లో నకళ్లు రాయించి పెట్టుకున్నాడు. యునెస్కో 2005లో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. హెరెరో నాయకుడు మహరెరో 1890లో జర్మన్ల రక్షణ ఒప్పుకున్నప్పుడు విట్‌బోయ్ అతనికి ఉత్తరం రాశాడు. నువ్వూ నేనూ ఎంత కొట్టుకున్నా ఈ నేలలో దొరలం. ఇప్పుడు నువ్వు తలకెత్తుకున్న బరువు నీకు శాశ్వతంగా పశ్చాత్తాపమే మిగులుస్తుంది అన్నది దాని సారాంశం. అప్పటికి ఆ ఇద్దరూ బద్ధశత్రువులు. శత్రువుకు అలాంటి హెచ్చరిక పంపిన మనిషి దూరదృష్టి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

విట్‌బోయ్ సంతకం పెట్టనన్నాడు. 1893 ఏప్రిల్ 12 తెల్లవారుజామున జర్మన్ సైనికులు హోర్న్‌క్రాన్స్‌లోని అతని నివాసం మీద పడ్డారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలూ పిల్లలూ. మరుసటి ఏడాది విట్‌బోయ్ లొంగక తప్పలేదు. తర్వాత పదేళ్లు తన మనుషుల్ని జర్మన్ల పక్షాన యుద్ధాలకు పంపాడు కూడా. వీరగాథ రాసేవాళ్లు ఈ భాగం దాటేస్తుంటారు. దాటేయకూడదు. వలస పాలన మనుషుల్ని ఎలా వంచుతుందో ఇక్కడే తెలుస్తుంది.

హెరెరోల మీదికి వచ్చింది మొదట సైన్యం కాదు, పశురోగం. 1897లో రిండర్‌పెస్ట్ మందలకు మందల్ని ఊడ్చేసింది. బతుకుదెరువు పోయిన జనానికి జర్మన్ వర్తకులు దుప్పట్లు, తిండి, సారా అరువిచ్చారు. బాకీ కింద మిగిలిన పశువుల్ని తోలుకుపోయారు. పశువులు అయిపోతే భూమి. 1903లో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది: ఏడాదిలోగా వసూలు కాని అప్పు చెల్లదు. హెరెరోలకు మేలు చేయాలని తెచ్చిన ఆ నిబంధన వాళ్ల గొంతుకే చుట్టుకుంది. గడువు ముంచుకొస్తోందని వర్తకులు ఊళ్లమీద పడి దొరికినవన్నీ ఈడ్చుకెళ్లారు. మన పల్లెల్లో షావుకారు పద్దు తెలిసినవాళ్లకు ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. దానికి తోడు హెరెరో భూముల నడుమ నుంచి ఓటావీ గనులకు రైలుదారి వేస్తామన్నారు.

1904 జనవరి 12న ఒకహాండ్యాలో హెరెరోలు తిరగబడ్డారు. నాయకుడు మహరెరో కొడుకు సామ్యూల్. స్త్రీలను, పిల్లలను, మత ప్రచారకులను, ఇంగ్లీషువాళ్లను, బోయర్లను ముట్టుకోవద్దని అతను ఇచ్చిన ఆజ్ఞ చరిత్రలో నమోదైంది. అవతలి పక్షం ఆజ్ఞ కూడా నమోదైంది. ఆగస్టు 11న వాటర్‌బర్గ్ పీఠభూమి దగ్గర జనరల్ లోథర్ వాన్ ట్రోథా సేనలు హెరెరోలను చుట్టుముట్టాయి. ఒక్క వైపే దారి మిగిలింది. అది ఒమాహెకే ఎడారి. జనం పశువులతో, పిల్లలతో ఆ ఎడారిలోకి పారిపోయారు. నీళ్లున్న చోట్ల సైన్యం కాపు కాసింది. అక్టోబరు 2న వాన్ ట్రోథా తన పేరుతో ప్రకటన విడుదల చేశాడు: జర్మన్ సరిహద్దు లోపల కనిపించిన ప్రతి హెరెరోనూ, ఆయుధం ఉన్నా లేకున్నా, కాల్చివేస్తాం, స్త్రీలను, పిల్లలను ఇక చేరదీయం. రహస్యంగా ఇచ్చిన ఉత్తర్వు కాదది, బాహాటంగా చదివి వినిపించిన ప్రకటన.

అదే నెలలో విట్‌బోయ్ మళ్లీ కత్తి పట్టాడు. అప్పటికి అతనికి డెబ్బై పైబడ్డాయి. 1905 అక్టోబరు 29న తూటా దెబ్బకు చనిపోయాడు. ఈరోజు నమీబియా నోట్లలో చాలావాటి మీద చూసే ముఖం అతనిదే.

మిగిలినవాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. లూడెరిట్జ్ రేవు పక్కన షార్క్ దీవి శిబిరంలో చలిగాలికి, ఆకలికి, చాకిరీకి వెయ్యి మందికి పైగా రాలిపోయారు. చనిపోయినవాళ్ల పుర్రెలను జాతుల ‘పరిశోధన’ కోసం జర్మనీకి ఓడల్లో పంపారు. వాటిలో కొన్ని వందేళ్ల తర్వాత, 2011, 2014, 2018లలో తిరిగి నమీబియాకు వచ్చాయి. ఎంతమంది పోయారన్నదాని మీద చరిత్రకారుల అంచనాలు తేడాగా ఉన్నా, ఎక్కువమంది ఒప్పుకునే లెక్క ఇది: సుమారు 80,000 మంది హెరెరోల్లో 65,000 దాకా, 20,000 మంది నామాల్లో సగం. ఇరవయ్యో శతాబ్దపు తొలి జాతిహననం ఇదేనని నేడు చరిత్రకారులు అంటున్నారు.

దాని వెనకే వచ్చిన కాగితాలు కూడా చూడాలి. 1905 చివర్లో హెరెరోల భూములు జప్తు. తర్వాత నామాలవీ అంతే. 1907 నిబంధనల ప్రకారం నల్లవాళ్లు అనుమతి లేకుండా భూమి గానీ పశువులు గానీ ఉంచుకోకూడదు. ఏడేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ గుర్తింపు బిళ్ల తగిలించుకోవాలి. మరుసటి ఏడాదే, 1908లో, లూడెరిట్జ్ దగ్గర రైలు పట్టాల మీద ఇసుక తోడుతున్న జకారియాస్ లెవాలా అనే కూలీకి ఒక మెరిసే రాయి దొరికింది. అతను దాన్ని పైఅధికారికి ఇచ్చాడు. అది వజ్రం. కొద్ది నెలల్లోనే ఆ తీరమంతా నిషిద్ధ ప్రాంతమైంది, కంపెనీలు కోట్లు గడించాయి. లెవాలాకు వాటా ఇచ్చినట్టు ఎక్కడా కనపడదు.

దొర మారాడు, దొరతనం మారలేదు

మొదటి ప్రపంచ యుద్ధంలో దక్షిణాఫ్రికా సేనలు వచ్చి పడ్డాయి. 1915 జులైలో జర్మన్లు లొంగిపోయారు. 1920లో నానాజాతి సమితి ఈ దేశాన్ని దక్షిణాఫ్రికాకు మాండేట్‌గా అప్పగించింది. ఇక్కడి ప్రజల క్షేమం నాగరిక ప్రపంచం చేతిలోని పవిత్ర ధర్మకర్తృత్వం అని ఆ ఒడంబడిక చెప్పుకుంది. రెండేళ్లు కూడా గడవకముందే, 1922లో, కుక్కల పన్ను కట్టలేమన్న బొండెల్స్‌వార్ట్ నామాల మీద ఆ ధర్మకర్త విమానాలతో బాంబులు వేయించాడు. వంద మందికి పైగా చనిపోయారు.

ఆ కాలంలో జరిగిన ఒక సంగతి నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. జర్మన్లు పాలనకు తగరని నిరూపించడానికి 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక నీలి పుస్తకం అచ్చేసింది. బతికి బయటపడ్డ హెరెరోలు, నామాలు ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలాలు అందులో ఉన్నాయి. తర్వాత దక్షిణాఫ్రికా తెల్లవాళ్లకు, అక్కడ ఉండిపోయిన జర్మన్ తెల్లవాళ్లకు సఖ్యత కావలసి వచ్చింది. 1926లో స్థానిక శ్వేత శాసనసభ తీర్మానం చేసింది, పుస్తకం ప్రతుల్ని వెతికి నాశనం చేశారు. భూమి పోయింది, మనుషులు పోయారు, చివరికి వాళ్లు చెప్పుకున్న సాక్ష్యం కూడా తగలబడింది. కొన్ని ప్రతులు మిగిలాయి కాబట్టి ఇవాళ మనం చదవగలుగుతున్నాం.

కొత్త పాలకులు జర్మన్ల దారినే నడిచారు. మెట్ట భూములు తెల్ల రైతులకు పంచారు. నల్లవాళ్లను ఎవరికీ అక్కరలేని ఎండు నేలల్లో రిజర్వుల పేరుతో తోసేశారు. ఉత్తరాన జనసమ్మర్దం ఉన్న ఒవాంబోలాండ్‌ను, తెల్లవాళ్లు స్థిరపడ్డ ‘పోలీసు జోన్’ ఆవల ఉంచారు. అక్కడి భూమి తీసుకోలేదు, అక్కడి మగవాళ్లను తీసుకున్నారు. కాంట్రాక్టు కూలీ అంటే ఏమిటో చెప్పాలి. వైద్యుడు ఒళ్లు పరీక్షించి ఏ, బీ, సీ అని తరగతులు కట్టేవాడు. గట్టివాళ్లు గనులకు, ఆ తర్వాతివాళ్లు పొలాలకు, బక్కవాళ్లు పశువులు కాయడానికి. మెళ్లో చీటీ తగిలించి రైలెక్కించేవాళ్లు. యజమాని ఎవరో వాళ్లు ఎంచుకోలేరు. పెళ్లాం పిల్లలు వెంట రాకూడదు. గడువు తీరకముందే పని మానేస్తే అది నేరం.

న్యూయార్క్‌కు చేరిన అర్జీలు

1946లో దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్ కొత్తగా పుట్టిన ఐక్యరాజ్యసమితికి వెళ్లి, ఈ దేశాన్ని తమలో కలిపేసుకుంటామన్నాడు. సమితి ఒప్పుకోలేదు. అడ్డుపడ్డ దేశాల్లో ముందు వరసలో ఉన్నది భారత్. అప్పటికి మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని మన బృందం అదే సమావేశాల్లో దక్షిణాఫ్రికాలోని భారతీయుల మీద వివక్షను కూడా లేవనెత్తింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్ల సంతతి కూడా ఆ భారతీయుల్లో ఉంది. అంటే ఆ అర్జీలో మన వాటా కూడా ఉన్నట్టే.

హెరెరోల పెద్ద హోసియా కుటాకో 1904 యుద్ధం నుంచి బతికి బయటపడ్డవాడు. దేశం దాటి వెళ్లడానికి అతనికి అనుమతి లేదు. అతని అర్జీలు మోసుకెళ్లింది మైకేల్ స్కాట్ అనే ఆంగ్లికన్ పాదిరి. దక్షిణాఫ్రికా ఆయన్ను అడ్డుకోవాలని చూసింది. మన దేశ ప్రతినిధి బృందం ఆయనకు సలహాదారు హోదా ఇచ్చి సమితి గడప దాటించింది. 1949లో ఆయనే స్వయంగా సమితి కమిటీ ముందు నిలబడి కుటాకో మాట వినిపించాడు. ఇవాళ రాజధాని విండ్‌హోక్‌లో దిగే విమానాలు కుటాకో పేరున్న విమానాశ్రయంలోనే దిగుతాయి.

అర్జీ పంపడానికి మరో మనిషి మరో దారి వెతికాడు. ఆయన పేరు అండింబా టోయివో యా టోయివో. కేప్‌టౌన్‌లో పనిచేస్తూ 1957లో ఒవాంబో కూలీల సంఘం పెట్టినవాడు. 1958లో ‘ట్రెజర్ ఐలాండ్’ నవల పేజీల నడుమ గుంట తొలిచి, అందులో తమ గోడు రికార్డు చేసిన టేపు దాచి న్యూయార్క్‌కు పోస్టు చేశాడు. ఫలితంగా ఆయన్ను కేప్‌టౌన్ నుంచి తరిమేశారు.

1959 డిసెంబరు 10. ప్రపంచమంతా మానవ హక్కుల దినం. విండ్‌హోక్‌లో నల్లవాళ్ల పాత వాడను ఖాళీ చేయించి, ఊరికి దూరంగా కటుటూరాలో కట్టిన ఇళ్లకు పొమ్మన్నారు. పొమ్మన్న చోట ఇల్లు సొంతం కాదు, అద్దె ఎక్కువ, బస్సు ఖర్చు అదనం. జనం బస్సులను, మునిసిపల్ సారా దుకాణాన్ని బహిష్కరించారు. పోలీసులు కాల్పులు జరిపారు, పదిమందికి పైగా చనిపోయారు. అధికారి కారుకు నిప్పంటించబోయి తూటాకు నేలకొరిగిన అన్నా ముంగుండా పేరు అక్కడి బడిపిల్లలందరికీ తెలుసు. డిసెంబరు 10 ఇప్పుడు నమీబియా మహిళా దినం కూడా. ఆ ఉద్యమం నడిపినవాళ్లలో రైల్వేలో ఊడ్చే పనితో జీవితం మొదలుపెట్టిన సామ్ నుజోమా ఒకరు. నాలుగు నెలల తర్వాత, 1960 ఏప్రిల్ 19న స్వాపో పుట్టింది. నైరుతి ఆఫ్రికా ప్రజా సంస్థ. అప్పటికే నుజోమా ప్రవాసంలో ఉన్నాడు. మళ్లీ సొంత నేల మీద కాలు పెట్టి స్థిరపడటానికి ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

అర్జీలతో పని కాదని తేలిన ఏడాది 1966. ఇథియోపియా, లైబీరియా దేశాలు ద హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన దావాకు జులై 18న తీర్పు వచ్చింది. న్యాయమూర్తులు ఏడుగురూ ఏడుగురూగా చీలిపోయారు. అధ్యక్షుడి అదనపు ఓటుతో దావా కొట్టేశారు. నేరం జరిగిందా లేదా అన్నది చూడనేలేదు. ఈ సంగతి అడిగే హక్కు ఆ రెండు దేశాలకు లేదన్నారు. ఆరేళ్లు సాగిన కేసు అది. నలభై రోజులు కూడా తిరక్కుండా, ఆగస్టు 26న, ఉత్తరాన ఒముగులుగ్వొంబాషె అడవిలో స్వాపో గెరిల్లాలకు, దక్షిణాఫ్రికా పోలీసులకు మధ్య తొలి తుపాకీ పేలింది. తుపాకీ ఎందుకు పట్టారని ప్రశ్నించేవాళ్లు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

టోయివోను పట్టుకుపోయారు. నేరం జరిగాక చేసిన ఉగ్రవాద చట్టాన్ని వెనక తేదీ నుంచి వర్తింపజేసి, ప్రిటోరియాలో విచారించి, 1968లో ఇరవై ఏళ్ల శిక్ష వేశారు. బోనులో నిలబడి ఆయన అన్న మాటల సారం: మేము నమీబియన్లం, దక్షిణాఫ్రికన్లం కాము, మమ్మల్ని విచారించే హక్కు మీకు లేదు. నెల్సన్ మండేలా ఉన్న రాబెన్ దీవిలోనే పదహారేళ్లు గడిపి 1984లో విడుదలయ్యారు.

ఈలోగా సమితి కదిలింది. 1966 అక్టోబరులో మాండేట్ రద్దు చేసింది. 1968లో దేశానికి నమీబియా అని పేరు పెట్టింది. 1971 జూన్‌లో అదే అంతర్జాతీయ న్యాయస్థానం దక్షిణాఫ్రికా అక్కడ ఉండటం చట్టవిరుద్ధమని చెప్పింది. ఆ మాట చర్చిల్లో, కూలీల శిబిరాల్లో చదివి వినిపించారు. ఆ డిసెంబరులో విండ్‌హోక్ కాంట్రాక్టు కూలీలు పని ఆపేశారు. సమ్మె గనులకు, రేవులకు, పొలాలకు పాకింది. కనీసం 13,000 మంది పనిముట్లు కింద పెట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. మెళ్లో చీటీలు కట్టించుకున్న మనుషులే ఈ దేశాన్ని మొట్టమొదట స్తంభింపజేశారు. నాయకుల పేర్లతో నిండిన స్వాతంత్ర్య చరిత్రల్లో ఈ సమ్మెకు దక్కే చోటు చాలదని నా అభిప్రాయం.

యుద్ధం, దాని నీడ

1974 ఏప్రిల్‌లో పోర్చుగల్‌లో నియంతృత్వం కూలింది. మరుసటి ఏడాది పొరుగున అంగోలా స్వతంత్రమైంది. స్వాపోకు సరిహద్దు అవతల చోటు దొరికింది, వేలమంది యువత సరిహద్దు దాటారు. 1978 మే 4న దక్షిణాఫ్రికా విమానాలు అంగోలాలోని కాసింగా శిబిరం మీద బాంబులు వేశాయి, పారాట్రూపర్లు దిగారు. 600 మందికి పైగా చనిపోయారు, ఎందరో స్త్రీలు, పిల్లలు. అది సైనిక స్థావరమని దక్షిణాఫ్రికా, శరణార్థి శిబిరమని స్వాపో అన్నాయి. సామూహిక సమాధుల ఫొటోలు ప్రపంచమంతా చూసింది.

మరో బాధాకర సత్యం ఉంది. 1980లలో స్వాపో తన సొంత మనుషుల్నే గూఢచారులన్న అనుమానంతో అంగోలాలోని లుబాంగో దగ్గర నేలలో తవ్విన గోతుల్లో బంధించింది. చిత్రహింసలు పెట్టింది. కొందరు 1989లో తిరిగొచ్చి ఒంటి మీది మచ్చలు చూపించారు. చాలామంది ఆచూకీ ఇంతవరకూ తెలియదు. స్వాపో త్యాగాన్ని గౌరవించేవాళ్లే ముందుగా ఈ ప్రశ్న అడగాలి. ఆ కుటుంబాలకు జవాబు రాకుండా నమీబియా విముక్తి కథ పూర్తి కాదు.

1978 సెప్టెంబరు 29న భద్రతా మండలి 435వ తీర్మానం చేసింది: కాల్పుల విరమణ, సమితి పర్యవేక్షణలో ఎన్నికలు, స్వాతంత్ర్యం. దారి గీసేశారు. నడవడానికి పదేళ్లు పట్టింది. అంగోలా నుంచి క్యూబా సేనలు వెళ్తేనే నమీబియాకు స్వాతంత్ర్యం అని అమెరికాలో రీగన్ ప్రభుత్వం ముడిపెట్టింది. ఆ ముడి విప్పింది యుద్ధరంగమే. 1987-88లో అంగోలాలోని క్వీటో క్వానవాలే దగ్గర నెలల తరబడి సాగిన పోరులో దక్షిణాఫ్రికా ముందుకు పోలేకపోయింది. ఖర్చు పెరిగింది, తెల్ల కుర్రాళ్ల శవపేటికలు ఇళ్లకు చేరాయి. 1988 డిసెంబరు 22న న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా సంతకాలు చేశాయి. నమీబియా వ్యవహారాల సమితి కమిషనర్, స్వీడన్‌కు చెందిన బెర్న్ట్ కార్ల్‌సన్ ఆ సంతకాల వేడుకకు బయల్దేరాడు. ముందురోజు రాత్రి లాకర్‌బీ మీద పేలిపోయిన పానామ్ విమానంలో ఆయన ఉన్నాడు.

ఒక భారతీయ జనరల్

435వ తీర్మానం అమలుకు సమితి పంపిన బృందానికి అధిపతి ఫిన్లాండ్‌కు చెందిన మార్తి అహ్తిసారి. సైనిక దళానికి సేనాపతి లెఫ్టినెంట్ జనరల్ దీవాన్ ప్రేమ్‌చంద్. కాంగోలో, సైప్రస్‌లో సమితి దళాలను నడిపిన మన సైనికాధికారి. 1980లోనే ఈ బాధ్యతకు ఎంపికై, తొమ్మిదేళ్లు ఎదురుచూసి, డెబ్బై దాటిన వయసులో విండ్‌హోక్‌లో దిగాడు.

తొలిరోజే దాదాపు అంతా కూలిపోయింది. 1989 ఏప్రిల్ 1, కాల్పుల విరమణ మొదలయ్యే రోజు. బడ్జెట్ తగాదాలతో సమితి సైనికుల్లో ఎక్కువమంది ఇంకా చేరుకోనేలేదు. అంగోలా వైపు నుంచి స్వాపో గెరిల్లాలు వందల సంఖ్యలో సరిహద్దు దాటారు. సమితి వాళ్లకు ఆయుధాలు అప్పగించి ఇళ్లకు పోదామనే వచ్చామని స్వాపో, ఒప్పందం ఉల్లంఘించారని దక్షిణాఫ్రికా వాదించాయి. శిబిరాలకే పరిమితం కావలసిన దక్షిణాఫ్రికా సేనలను బయటికి వదలడానికి అహ్తిసారి ఒప్పుకోవాల్సి వచ్చింది. తొమ్మిది రోజుల్లో 300 మందికి పైగా గెరిల్లాలు చనిపోయారు. ఇరవై మూడేళ్ల యుద్ధంలో అత్యంత రక్తసిక్తమైన రోజులు శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చాకే రావడం గుండె పిండే విషయం. ఏప్రిల్ 9న మౌంట్ ఎట్యోలో మళ్లీ కూర్చుని మాట్లాడుకుని గండం గట్టెక్కించారు.

ఆ తర్వాత 40,000 మందికి పైగా ప్రవాసులు ఇంటికి చేరారు. సెప్టెంబరు 12న స్వాపోలోని ప్రముఖ తెల్లజాతి న్యాయవాది అంటోన్ లుబోవ్‌స్కీని ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. రెండు రోజులకు నుజోమా దిగాడు. నవంబరు 7 నుంచి 11 వరకు పోలింగ్. ఏడు లక్షల మంది ఓటర్లలో 97 శాతం ఓటేశారు. ఎండలో మైళ్ల పొడవు బారులు. 72 సీట్లలో స్వాపోకు 41 వచ్చాయి. రాజ్యాంగం ఒంటరిగా రాసుకోవాలంటే 48 కావాలి. ఆ ఏడు సీట్ల లోటు నమీబియాకు మేలే చేసిందని నేననుకుంటాను. అందరితో మాట్లాడక తప్పలేదు. స్వాపో నాయకుడు హగే గైన్‌గోబ్ అధ్యక్షతన 1990 ఫిబ్రవరి 9న రాజ్యాంగం ఆమోదం పొందింది. మరణశిక్ష లేదు, పర్యావరణ రక్షణ రాజ్య విధానాల్లోకి ఎక్కింది.

మార్చి 21 అర్ధరాత్రి దాటాక విండ్‌హోక్ స్టేడియంలో దక్షిణాఫ్రికా జెండా దిగింది. ఆ దేశాధ్యక్షుడు డిక్లర్క్ పక్కనే నిలబడి చూశాడు. సమితి ప్రధాన కార్యదర్శి పెరెజ్ డి క్వెయార్ చేత నుజోమా ప్రమాణం చేశాడు. మన ప్రధాని వి.పి.సింగ్ ఆ వేడుకకు హాజరయ్యారు. అక్కడికి నాలుగేళ్ల ముందే ఢిల్లీలో స్వాపోకు రాయబార హోదాతో కార్యాలయం ఇచ్చిన దేశం మనది. దేశంలోని ఒకే ఒక్క లోతైన రేవు వాల్విస్ బే మాత్రం మరో నాలుగేళ్లకు, 1994 మార్చి 1న చేతికొచ్చింది.

ఎవరి భూమి?

ఇక అసలు దావా. రాజ్యాంగంలో ఆస్తి హక్కుకు రక్షణ ఉంది. ప్రభుత్వం భూమి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఆ హామీ లేకపోతే తెల్లవాళ్లు, పెట్టుబడులు ఒక్కసారిగా వెళ్లిపోతాయన్న భయం నాడుంది. 1991లో జరిగిన తొలి భూమి సదస్సు, పూర్వీకుల భూముల్ని ఎవరివి వాళ్లకు తిరిగివ్వడం సాధ్యం కాదని తీర్మానించింది. అమ్మేవాడు అమ్మితే ప్రభుత్వం కొంటుంది, పంచుతుంది. అమ్మేవాళ్లు కొద్దిమంది, ధరలు ఎక్కువ. 2018 నాటి ప్రభుత్వ గణాంకాల్లో వాణిజ్య వ్యవసాయ భూమిలో 70 శాతం ఇంకా తెల్లవాళ్ల పేర్ల మీదే ఉంది. జనాభాలో వాళ్లెంతమందో చెప్పడానికి వేళ్లు చాలు, నూటికి ఇద్దరు.

హెరెరోలకు, నామాలకు ఇందులో రెట్టింపు నొప్పి ఉంది. భూమి పోగొట్టుకున్నది వాళ్లు. ఎన్నికల్లో సంఖ్యాబలం ఉన్నది ఉత్తరాది ఒవాంబోలకు. వలస కాలంలో వాళ్ల భూమి సెట్లర్ల చేతికి పోలేదు. పంచిన పొలాలు అవసరాన్ని బట్టి ఎవరికైనా వెళ్తాయి. దేశమంతా ఒకటే అనే మాట ప్రకారం అది సబబే. తాత పశువులు మేసిన చోటు పేరుతో సహా చెప్పగలిగిన మనిషికి ఆ సబబు ఎలా తలకెక్కుతుంది? 2018లో రెండో భూమి సదస్సు జరిగాక, పూర్వీకుల భూములపై వాదనలు వినడానికి ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. ఊరూరా తిరిగి సాక్ష్యాలు విన్న ఆ సంఘం 2020లో నివేదిక ఇచ్చింది.

జర్మనీ విషయానికొస్తే, 2004లో ఒక జర్మన్ మంత్రి వాటర్‌బర్గ్ దగ్గర క్షమాపణ చెప్పారు. 2021 మే 28న బెర్లిన్ ప్రభుత్వం అది జాతిహననమేనని ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తామంది. నష్టపరిహారం అనే మాట మాత్రం వాడలేదు. చర్చలు రెండు ప్రభుత్వాల మధ్యే జరిగాయి, మమ్మల్ని కూర్చోబెట్టలేదు అంటూ హెరెరో, నామా పెద్దల్లో చాలామంది ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చారు. వాళ్ల పక్షాన వాదించడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు. బెథానీలో కొలత మోసం చేసింది వాళ్లను, ఎడారిలోకి తరిమింది వాళ్లను. మాట్లాడుకోవాల్సింది కూడా వాళ్లతోనే.

2025 మార్చి 21న నమీబియాకు తొలి మహిళా అధ్యక్షురాలు నెటుంబో నండి న్డైట్వా ప్రమాణం చేశారు. విద్యార్థినిగా ఉద్యమంలోకి వచ్చి 1973లో జైలుకెళ్లిన మనిషి. ఆ మే 28ని నమీబియా మొదటిసారి జాతిహనన సంస్మరణ దినంగా పాటించింది. జర్మనీ ఇస్తామన్న సొమ్ముతో చేయాల్సిన పనుల జాబితాలో భూమి కొనుగోలు కూడా ఉంది. ఆ భూమిని ఎవరి కోసం కొంటారు, ఎవరి పేర రాస్తారు అన్న దగ్గరే ఇప్పుడు విండ్‌హోక్ ప్రభుత్వానికి, హెరెరో, నామా పెద్దలకు మధ్య తగవు నడుస్తోంది.